గేరు రాడ్డులో వదులు: దాని పుట్టుక, చికిత్స

సికింద్రాబాదులోని లాలాగూడ పేరు వినగానే రైల్వే కార్ఖానా జ్ఞాపకమునకు వచ్చును. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వారు 1893లో స్థాపించిన ఈ కార్ఖానా 1951లో మధ్య రైల్వేలోను, 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు ఆ సంస్థలోను చేరినది. ప్రయాణికుల పెట్టెలు నియమిత కాలమున ఇక్కడకు వచ్చి, విడదీయబడి, శుభ్రపడి, అరిగిన భాగములను మార్చుకొని తిరిగి పట్టాలెక్కుచున్నవి.

పాత పద్ధతి రైలు పెట్టె క్రిందికి వంగి చూచినచో ఒక విచిత్రమైన అమరిక కనిపించును. బ్రేకు సిలిండరు నుండి చక్రమును నొక్కు బ్రేకు దిమ్మ వరకు ఇనుప కడ్డీలు, మీటలు ఒకదానికొకటి గొలుసుకట్టుగా తగిలించబడి ఉండును. ప్రతి కూడలిలోను ఒక పిన్ను, ఆ పిన్ను చుట్టును గొట్టము ముక్క వంటి ఒక బుష్షు ఉండును. కార్ఖానాలో ఈ పిన్నులను ఊడదీసి కొలుచుదురు. అరుగుదల హద్దు మీరినచో పాత బుష్షును నెట్టివేసి క్రొత్తదానిని దిగగొట్టుదురు. మీట మాత్రము పాతదే నిలుచును.

ఇందులో ఒక లోతైన ఆలోచన ఉన్నది. మీట బరువైనది, ఖరీదైనది. బుష్షు చిన్నది, చౌకయైనది. రెండు లోహములు ఒకదానిపై నొకటి కదలినచో ఏదో ఒకటి అరుగక తప్పదు. ఆ అరుగుదల ఖరీదైన దానికి కాక చౌకయైన దానికి కలుగునట్లు చేయుటయే బుష్షు యొక్క ప్రయోజనము. అరిగిపోవుటకే దానిని అక్కడ పెట్టిరి.

మోటారు కారులో గేరు మార్చు రాడ్డు కూడ ఇట్టి మీటల గొలుసే. అందులోను పిన్నులు, బుష్షులు కలవు, అవియును అరుగును. పాత కారులో, ముఖ్యముగా పాత స్పోర్ట్సు కారులో, గేరు రాడ్డు గంజిలో గరిటె వలె అటునిటు ఊగుట తరచుగ చూడవచ్చును. అప్పుడు చాలమంది గేరు పెట్టె చెడిపోయినదని భ్రమపడి దానిని పూర్తిగా విప్పింతురు. ఎలుక మీది కోపముతో ఇల్లు తగులబెట్టినట్లు, చిన్న బుష్షు చేసిన తప్పునకు పెద్ద యంత్రమంతయు శిక్ష ననుభవించును. రోగ మెక్కడ ఉన్నదో ముందుగ తెలిసికొన్నచో ఆ శ్రమయు, ఖర్చును చాల వరకు తప్పును.

గేరు రాడ్డు చేయు పని

డ్రైవరు చేతిలోని రాడ్డు రెండు విధములుగ కదలును. ప్రక్కకు జరిపినప్పుడు అది ఏ గేర్ల జతను కదల్చవలెనో ఎన్నుకొనును. ముందు వెనుకలకు జరిపినప్పుడు ఆ జతలో ఒక గేరును పట్టును. రాడ్డు కదలిక లోపలి కడ్డీకి, కడ్డీ నుండి ఒక పంగల కొయ్య వంటి ఫోర్కునకు, ఫోర్కు నుండి ఒక పండ్ల కంకణమునకు చేరును. ఆ కంకణము జారి గేరు పండ్లతో పూర్తిగా కలిసినప్పుడే ఇంజను శక్తి చక్రములకు అందును.

కంకణమును, గేరును ఒకే వేగమునకు తెచ్చి చప్పుడు లేకుండ కలుపు సింక్రోమెష్ పద్ధతిని కాడిలాక్ సంస్థ 1928లో ప్రవేశపెట్టెను. గేరు పడిన తరువాత దానంతటది ఊడిపోకుండ ఒక చిన్న ఉక్కు గుండు, స్ప్రింగు కలిసి కడ్డీ మీది గంటులో కూర్చుండును. గేరు పడినప్పుడు చేతికి తెలియు చిన్న అదురు ఈ గుండు గంటులో పడుటవలన కలుగునదే.

గమనింపవలసిన దేమనగా, రాడ్డు ఎంత కదలినను పనికి వచ్చునది చివర కంకణమునకు చేరిన కదలిక మాత్రమే. దారిలో కూడళ్ల వదులు ఎంత మ్రింగునో, కంకణము అంత తక్కువగ జరుగును.

గోరంత వదులు కొండంత యగు విధము

గేరు రాడ్డు మొదటి తరగతి మీట. చేయి పట్టు చోటు ఒక చివర, లోపలి కడ్డీని కదల్చు చోటు మరొక చివర, ఆధారము రెంటికి నడుమ ఉండును. ఒక కారులో ఆధారమునకు పైన 240 మి.మీ., క్రింద 40 మి.మీ. పొడవు ఉన్నదని అనుకొందము. అప్పుడు చేతి బలము క్రింది చివర 6 రెట్లగును. కాని బలములో లాభము వచ్చిన చోట దూరములో నష్టము రాక మానదు. చేయి 6 మి.మీ. కదలిన గాని క్రింది చివర 1 మి.మీ. కదలదు.

ఇదే లెక్కను త్రిప్పి చూచినచో వదులు కథ బయటపడును. క్రింది చివర కూడలిలో అర మిల్లీమీటరు ఖాళీ ఏర్పడినచో పైన చేతిలో 3 మి.మీ. ఊగును. ఆధారము వద్దనే అంత ఖాళీ ఏర్పడినచో పరిస్థితి ఇంకను విషమించును. క్రింది చివర నిలిచియుండగా ఆధారము అర మిల్లీమీటరు జరిగినచో, మొత్తము పొడవు 280 మి.మీ.ను 40చే భాగించగా 7 వచ్చును గనుక, పైన 3.5 మి.మీ. ఊగును.

ఇట్టి కూడలి ఒక్కటియే ఉండదు. నాలుగు కూడళ్లలో ఒక్కొక్కదానికి 0.4 మి.మీ. చొప్పున ఖాళీ ఉన్నదనుకొని, అన్నియు క్రింది కడ్డీ వరుసలోనివే ఐనచో మొత్తము 1.6 మి.మీ. అగును. చేతిలో అది 9.6 మి.మీ., అనగా దాదాపు ఒక సెంటీమీటరు. గేరు మార్చుటకు చేయి 40 మి.మీ. జరుగవలెననుకొన్నచో కడ్డీకి చేరవలసినది సుమారు 6.7 మి.మీ. అందులో 1.6 మి.మీ. దారిలోనే పోయినచో దాదాపు నాలుగవ వంతు కదలిక నష్టమైనట్లు. కంకణము పండ్ల అంచులను మాత్రమే పట్టి నిలుచును. ఘాటు రోడ్డు దిగునప్పుడు అట్టి గేరు ఊడిపడినచో ఇంజను వలన కలుగు నిరోధము మాయమై, కారు భారమంతయు ఒక్కసారిగా బ్రేకులపై పడును. రెండవ గేరనుకొని నాలుగవది వేయుట, మూడవ దనుకొని మొదటి దానిపైకి నెట్టుట వంటి పొరపాట్లును ఈ వదులు వలననే కలుగును. కావున గేరు రాడ్డు ఊగుట కేవలము చికాకు మాత్రమే కాదు, అపాయము కూడ.

పూర్వము మన వీథులలో ఎక్కువగ తిరిగిన అంబాసిడరు, ఫియట్ కార్లలో చాల వాటికి గేరు రాడ్డు నేలపై కాక స్టీరింగు ప్రక్కన ఉండెడిది. అక్కడి నుండి ఇంజను వెనుకనున్న గేరు పెట్టె వరకు కడ్డీలు పొడవుగ సాగుటచే కూడళ్ల సంఖ్య ఎక్కువ. కూడళ్లు పెరిగిన కొలది వదులు పెరుగును. ఆ కార్లను బాగుచేసిన మేస్త్రీలు "ప్లే వచ్చినది" అని చెప్పుమాటకు అర్థ మిదియే.

అరుగుదల ఎందుకు కలుగును?

కంటికి అద్దము వలె నునుపుగ కనిపించు ఉక్కు పిన్ను నిజమునకు నునుపైనది కాదు. సూక్ష్మదర్శినిలో చూచినచో దానిపై గుట్టలు, లోయలు కనిపించును. రెండు తలములు కలిసినప్పుడు గుట్టల కొనలు మాత్రమే తాకును. నిజముగ తాకు వైశాల్యము పైకి కనిపించు దానిలో స్వల్ప భాగము మాత్రమేయని కేంబ్రిడ్జిలో పరిశోధించిన బౌడెన్, టేబర్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. ఆ కొనలపై పీడనము మిక్కుటమగుటచే అవి అతుకుకొనును, కదలినప్పుడు తెగును. ఈ తెగిన రేణువులే అరుగుదల.

ఆర్చర్డ్ అను శాస్త్రజ్ఞుడు 1953లో దీనికొక సులభ సూత్రము నిచ్చెను. అరిగిపోవు పదార్థ పరిమాణము తలములపై పడు భారమునకును, జారిన దూరమునకును అనులోమానుపాతములోను, మెత్తని తలముయొక్క కాఠిన్యమునకు విలోమానుపాతములోను ఉండును. ఘర్షణ, అరుగుదల, కందెన అను మూడింటిని కలిపి చదువు శాస్త్రమునకు 1966లో ఇంగ్లండున ట్రైబాలజీ అని పేరు పెట్టిరి.

జారిన దూరమన్న మాటను గేరు రాడ్డునకు వర్తింపజేసి చూడుడు. ఒక్కొక్కసారి గేరు మార్చినప్పుడు పిన్ను బుష్షులో 5 మి.మీ. జారుననుకొందము. దినమునకు 200 సార్లు గేరు మార్చినచో అది ఒక మీటరు. ఇరువది సంవత్సరములలో 7 కిలోమీటర్లకు పైగా అగును. ఉన్నచోటు వదలి 5 మి.మీ. కంటె ఎక్కువ కదలని ఆ పిన్ను లాలాగూడ నుండి చార్మినారు వైపునకు నడక సాగించినంత పని చేసినదన్నమాట. దీనికి తోడు కారు నడచునంత సేపు ఇంజను అదురు వలన కలుగు రాపిడి వేరే ఉన్నది.

దుమ్ము చేరినచో అరుగుదల స్వభావమే మారును. సికింద్రాబాదు ప్రాంతమంతయు గ్రానైటు రాతి నేల. లాలాగూడకు సమీపముననున్న మౌలాలి గుట్ట అట్టి గ్రానైటు బండయే. గ్రానైటు చితికి మట్టియైనప్పుడు అందులోని క్వార్ట్జు రేణువులు చెడక మిగులును. కాఠిన్యపు కొలబద్దపై వజ్రమునకు 10 ఇచ్చినచో క్వార్ట్జునకు 7 వచ్చును. సాధారణపు ఉక్కు దానికి తక్కువ. గేరు రాడ్డు చుట్టునుండు రబ్బరు తొడుగు చిరిగినచో ఈ దుమ్ము లోపలి గ్రీజుతో కలిసి సానపట్టు ముద్దగ మారును. మెత్తని బుష్షులో రేణువులు నాటుకొని, గట్టి పిన్నును ఆకురాయి వలె కోయును. ఇందువలననే బుష్షు బాగుగ కనిపించినను పిన్నును కొలువక విడువరాదు.

ఒక పాత కారు కుటుంబము

ఈ అమరికను స్పష్టముగ చూచుటకు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను ఆంగ్ల స్పోర్ట్సు కారు మంచి ఉదాహరణము. ఇది 1962 నుండి 1980 వరకు తయారైనది. దీని చట్రము 1959లో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డు చట్రమును కురుచ చేసి తీసికొన్నది. రెండు కార్ల రూపమును తీర్చినవాడు ఇటలీ దేశీయుడగు మికెలోటీ. ఆ హెరాల్డునే మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుండి మన దేశమున స్టాండర్డ్ హెరాల్డు అను పేర తయారుచేసెను. కావున స్పిట్‌ఫైర్ను చూడని తెలుగు మేస్త్రీలు కూడ దాని దాయాదిని చేతులార విప్పి బిగించినవారే.

ఈ కార్లలో గేరు పెట్టె ముందు భాగమున ఉండగా డ్రైవరు వెనుకగ కూర్చుండును. రాడ్డును నేరుగ పెట్టెపై నిలిపినచో చేతికి అందదు. అందుచే గేరు పెట్టె పైమూతను వెనుకకు పొడిగించి, ఆ పొడిగింపు చివర రాడ్డును నిలిపిరి. రాడ్డు క్రింది చివర ఒక కడ్డీని కదల్చును. ఆ కడ్డీ పొడిగింపు గుండ ముందుకు పోయి, గేరు పెట్టెలోని కడ్డీతో ఒక జంట ద్వారా కలియును. ఈ సౌకర్యమునకు చెల్లించిన మూల్యమే అదనపు కూడళ్లు.

వదులు పుట్టు చోటులు ముఖ్యముగ నాలుగు. రాడ్డు నడుమ గుండ్రని భాగము కూర్చుండు గిన్నె మొదటిది. ఒక స్ప్రింగు ఆ భాగమును గిన్నెలో అదిమి పట్టును. స్ప్రింగు బలము తగ్గినచో రాడ్డు గలగలమని శబ్దము చేయును. రాడ్డు క్రింది చివర కడ్డీతో కలియు చోటు రెండవది. కడ్డీ జారు రంధ్రము మూడవది. ముందుభాగపు జంటలోని బుష్షులు నాలుగవది. ఇవన్నియు పైమూతలో ఉన్నవే. గేరు పండ్లను తాకకుండ, పెట్టెను కారు నుండి దింపకుండ వీనిని బాగుచేయవచ్చును.

రోగ నిర్ణయము

వైద్యుడు నాడి చూడక మందు ఈయడు. మేస్త్రీయు పానా పట్టుటకు ముందు కారణమును వెదకవలెను. కారును సమతలముపై నిలిపి, చక్రములకు ముందు వెనుకల దిమ్మలు పెట్టి, ఇంజనును ఆపి పరీక్ష చేయవలెను.

ఒక గేరు వేసి, రాడ్డు తలను వ్రేలితో మెల్లగ అటునిటు కదల్చి, నిరోధము తగులనంత దూరమును స్కేలుతో కొలిచి వ్రాసికొనవలెను. ముందు వెనుకలు, ప్రక్కలు వేరువేరుగ కొలువవలెను. అన్ని గేర్లలోను రాడ్డు ఒకే విధముగ ఊగుచు, గేర్లు మాత్రము చప్పుడు లేకుండ పడుచున్నచో దోషము కూడళ్లలో ఉన్నదని చెప్పవచ్చును.

రాడ్డు గట్టిగ ఉండి, అన్ని గేర్లును గరగరమను చున్నచో క్లచ్చు పూర్తిగ విడువకున్నదని అనుమానింపవలెను. ఒక్క గేరు మాత్రమే గరగరమన్నచో దాని సింక్రోమెష్ కంకణము అరిగియుండవచ్చును. అయితే స్పిట్‌ఫైర్లో 1970లో వచ్చిన నాలుగవ నమూనాకు ముందు మొదటి గేరునకు సింక్రోమెష్ లేనేలేదు. బండి కదలుచుండగ దానిని వేసినప్పుడు వచ్చు చప్పుడు రోగము కాదు, ఆ కారు స్వభావము. ఒక్క గేరు మాత్రమే పదేపదే ఊడుచున్నచో లోపలి ఫోర్కును, గుండు స్ప్రింగును, పండ్లను చూడవలెను. యాక్సిలరేటరు త్రొక్కి విడిచినప్పుడెల్ల రాడ్డు పెద్దగ తల ఊపుచున్నచో ఇంజను నానియున్న రబ్బరు దిమ్మలు చిరిగి యుండవచ్చును.

తరువాత గేరు రాడ్డు చుట్టునున్న తొడుగును, లోపలి కప్పును తీసి, ఒకరు రాడ్డును కదల్చుచుండగ మరియొకరు కూడళ్లను వరుసగ చూడవలెను. ఏ కూడలికి ఇవతల కదలిక ఉండి అవతల లేదో, అక్కడనే దొంగ ఉన్నాడు. చూపునకు అందని చోట వ్రేలి కొనను రెండు భాగములు కలియు గీతపై నుంచినచో ఖాళీ స్పర్శకు తెలియును.

చికిత్స

పని మొదలుపెట్టుటకు ముందు బ్యాటరీ తీగ విప్పవలెను. ఇంజను, గేరు పెట్టె చల్లారవలెను. కారు క్రిందికి పోవలసినచో జాకీపై నమ్మకముంచక గట్టి స్టాండ్లపై నిలుపవలెను. పైమూతను విప్పిన వెంటనే తెరచిన గేరు పెట్టెను శుభ్రమైన గుడ్డతో కప్పవలెను. అందులో పడిన ఒక్క చిన్న వాషరు మొత్తము పండ్లను విరుగగొట్టగలదు. విప్పిన భాగములను విప్పిన వరుసలోనే ఒక పళ్లెములో పేర్చుకొన్నచో బిగించునప్పుడు తడుముకొనవలసిన పని ఉండదు.

భాగములను కిరసనాయిలుతో కడిగి, తుడిచి కొలువవలెను. ఇక్కడ ఒక ముఖ్య విషయము. అరిగిన రంధ్రము గుండ్రముగ ఉండదు. కోడిగ్రుడ్డు వలె సాగి ఉండును. బలము ఎల్లప్పుడును ముందు వెనుకలకే పడుటయే దీనికి కారణము. పిన్నును రంధ్రమును ఒక్కచోటనే కాక ఒకదానికొకటి లంబముగ రెండు దిక్కులలో కొలువవలెను.

ఒక ఉదాహరణమును లెక్కించి చూతము. క్రొత్తదిగ ఉన్నప్పుడు పిన్ను వ్యాసము 12.00 మి.మీ. ఇప్పుడు అరిగిన దిక్కున 11.70 మి.మీ. ఉన్నది. రంధ్రము అదే దిక్కున 12.40, అడ్డముగ 12.05 మి.మీ. ఉన్నది. ముందు వెనుకల వదులు 0.70 మి.మీ.; మీట లెక్క ప్రకారము చేతిలో 4.2 మి.మీ. పిన్ను మాత్రము క్రొత్తది వేసినచో 0.40 మి.మీ. వదులు మిగులును, చేతిలో అది 2.4 మి.మీ. రంధ్రమునకు మాత్రము 12.04 మి.మీ. బుష్షు వేసి పాత పిన్నునే ఉంచినచో 0.34 మి.మీ. మిగులును, చేతిలో సుమారు 2 మి.మీ. రెండును మార్చినచో 0.04 మి.మీ. మాత్రమే మిగులును. అప్పుడు చేతిలో ఊగు దూరము పావు మిల్లీమీటరునకు మించదు. సగము పని చేసినచో సగము ఫలము కూడ నిలువదని గ్రహింపవలెను. కోతపడిన పాత పిన్ను క్రొత్త బుష్షును త్వరలోనే తినివేయును.

సాగిన రంధ్రములో గుండ్రని బుష్షు కూర్చుండదు. కావున లేత్ షాపులో ఆ రంధ్రమును ముందుగ 15 మి.మీ. వరకు గుండ్రముగ తొలిపింపవలెను. పాత మధ్య బిందువునే పట్టి తొలుచుట అవసరము. సాగిన వైపునకు మధ్య బిందువు జరిగినచో వదులు పోవును గాని గేర్ల స్థానములు మారును. బుష్షు వెలుపలి వ్యాసము రంధ్రము కంటె మిల్లీమీటరులో కొన్ని వందవ వంతులు ఎక్కువగ ఉండవలెను. దానిని సుత్తితో మోదక, వైసులో పెట్టి నిదానముగ నొక్కవలెను. వైసు లేనప్పుడు ఒక పొడవైన బోల్టు, రెండు వాషర్లు, ఒక నట్టు చాలును. నట్టును త్రిప్పిన కొలది బుష్షు తిన్నగ లోనికి పోవును. బిగువుగ దిగిన బుష్షు లోపలి రంధ్రము కొంత కుంచించుకొనును. అందుచేత దిగిన తరువాతనే రీమరుతో లోపలి కొలతను సరిచేయవలెను.

భాగములను గ్రీజు పూసి బిగించిన పిదప, కారును కదల్చక ముందే అన్ని గేర్లను రెండు మూడు మారులు వేసి చూడవలెను. మొదట కొలిచి వ్రాసికొన్న దూరముతో ఇప్పటి దూరమును పోల్చవలెను. అంకెలు చెప్పు మాటలో మొగమాటము ఉండదు. చివరగ చిరిగిన రబ్బరు తొడుగును తప్పక మార్చవలెను. ఇది మరచినచో గ్రానైటు దుమ్ము తిరిగి తన పని మొదలుపెట్టును.

బుష్షునకు ఏ పదార్థము?

బుష్షు పిన్ను కంటె మెత్తగ ఉండవలెను. కాని చేతి బలమునకు నలుగరాదు. పూర్వకాలపు ఎన్నిక కంచు. కంచు పొడిని అచ్చులో నొక్కి కాల్చి చేసిన బుష్షులో సన్నని రంధ్రములు ఉండును. వాని ఘనపరిమాణములో దాదాపు ఐదవ వంతు నూనె పట్టును. వేడెక్కినప్పుడు నూనె పైకి ఊరును. చల్లారినప్పుడు లోపలికి ఇంకును. చేయి పోని చోట ఇది ఎంతయో ఉపకారము.

నైలాను బుష్షు చప్పుడు చేయదు. గ్రీజు తక్కువైనను కొంత కాలము ఓర్చుకొనును. కరోథర్స్ 1935లో డ్యుపాంట్ ప్రయోగశాలలో తయారుచేసిన ఈ పదార్థము మేజోళ్లతో పేరు పొందినను, యంత్రములలో కూడ స్థిరపడినది. రైలు పెట్టెల బ్రేకు కూడళ్లలో సైతము నైలాను జాతి బుష్షులు వాడుకలోనికి వచ్చినవి. కాని నైలాను తేమను పీల్చి ఉబ్బును. వేడికి ఉక్కుకంటె సుమారు 7 రెట్లు వ్యాకోచించును. కంచునకు చాలు ఖాళీ దానికి చాలదు; కొంచెము ఎక్కువ విడువనిచో వానకాలములో రాడ్డు బిగుసుకొనును. ఎసిటాల్ అను ప్లాస్టికు తేమను చాల తక్కువగ పీల్చును గనుక కొలత నిలుపుకొనును.

కొన్ని కార్లలో తయారుదారులే రబ్బరు బుష్షు వేసిరి. ఇంజను అదురు చేతికి రాకుండుటయే వారి ఉద్దేశము. దాని స్థానమున గట్టి కంచు వేసినచో రాడ్డు బిగువుగ ఉండును గాని, కారు నడచునంత సేపు చేతిలో జలదరించుచుండును. అన్ని వదులులును దోషములు కావు; కొన్ని ఆలోచించి పెట్టినవి. మార్చుటకు ముందు ఆ భాగమును అక్కడ ఎందుకు పెట్టిరో అడుగుట మంచి మేస్త్రీ లక్షణము.

తరగతి గదిలో ప్రయోగము

ఈ విషయమును కారు లేకయే పరీక్షింపవచ్చును. 30 సెం.మీ. చెక్క స్కేలునకు 5 సెం.మీ. గీత వద్ద రంధ్రము చేసి, బిగువైన మేకుతో పలకపై తిరుగునట్లు అమర్చవలెను. సున్న అంచు వద్ద స్కేలునకు ఇరువైపుల రెండు మేకులు కొట్టి, మొత్తము 2 మి.మీ. ఖాళీ విడువవలెను. ఇప్పుడు రెండవ చివర ఎంత ఊగునో పలకపై గీతలు గీసి కొలువవలెను. పై చేయి 25 సెం.మీ., క్రింది చేయి 5 సెం.మీ. గనుక 10 మి.మీ.కు దగ్గరగ రావలెను.

పిమ్మట ఖాళీలో నోటు పుస్తకపు కాగితపు ముక్కలను ఒక్కొక్కటిగ దూర్చి, ప్రతిసారియు ఊగు దూరమును కొలిచి గ్రాఫు గీయవలెను. ఒక కాగితపు మందము తెలిసికొనుటకు 100 కాగితములను కలిపి కొలిచి 100చే భాగింపవలెను. గ్రాఫు సరళరేఖగ వచ్చును. దాని వాలు మీట నిష్పత్తిని తెలుపును. ఇక్కడ కాగితమే బుష్షు. తరువాత నడిమి మేకు రంధ్రమును కొంచెము పెద్దది చేసి మరల కొలిచినచో, ఆధారము వద్ద పుట్టిన వదులు మరింత పెద్దదగుట విద్యార్థులు స్వయముగ చూతురు.

పాత వస్తువు, క్రొత్త విలువ

మొదటి నమోదు నుండి 50 సంవత్సరములు దాటి, చట్రము, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేక మూలరూపములో నిలిచిన వాహనములకు ప్రత్యేక నమోదు కల్పించుచు మన దేశమున 2021లో నిబంధనలు వచ్చినవి. అట్టి కారునకు క్రొత్త గేరు పెట్టెను తెచ్చి బిగించుట కంటె, పాత పెట్టెలోని చిన్న బుష్షును మార్చుట ఎక్కువ మర్యాద. అరువది ఏండ్ల క్రింద దానిని రచించిన ఇంజనీరు ఏ భాగము అరుగవలెనో ముందుగనే నిర్ణయించెను. ఆ నిర్ణయమును అర్థము చేసికొని, ఆ భాగమునే మార్చి, తక్కినదానిని కాపాడుటయే మరమ్మతు.

లాలాగూడలో రైలు పెట్టె క్రింద పిన్నును కొలుచు కార్మికుడును, గేరు రాడ్డు కూడలిపై వ్రేలుంచి వదులును వెదకు మేస్త్రీయు, కాగితపు ముక్కలతో స్కేలును కొలుచు విద్యార్థియు చేయునది ఒకే పని. పెద్ద యంత్రము చెడినదని బెదరక, చిన్న ఖాళీ ఎక్కడ ఉన్నదో కొలిచి తెలిసికొనుట ఆ పని.